ఘాట్ ఎక్కే ఆటోమేటిక్ కారుకు గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ ఎలా బిగించుకోవాలి

"అన్నా, కొండ ఎక్కేసరికి బండి దగ్గర కాలిన వాసన వస్తోంది. గేర్‌బాక్స్‌కు విడిగా కూలర్ వేయించుకుంటే పోతుందా?" ఎండాకాలం మొదలైతే చాలు, వారానికి ఇద్దరైనా నన్ను ఇదే అడుగుతారు. ఒకరు అలిపిరి టోల్ గేట్ క్యూలో గంటసేపు పాకి తిరుమల ఎక్కినవారు. ఇంకొకరు భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లెకు తిరిగేవారు. మరొకరు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని మొగిలి ఘాట్ దాటి బెంగళూరు పోయేవారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. సరిగ్గా ఆ మర్చిపోయిన చోటే వాళ్లు దెబ్బ తింటున్నారు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

కూలర్ బిగించడం ఒక పూట పని. బిగించాక ఆయిల్ లెవెల్ సరిచూడడం, వేడి నిజంగా తగ్గిందో లేదో కొలవడం, అసలు పని ఈ రెండే. అంత ఓపిక లేదనుకుంటే కూలర్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మీ బండికి ఇది పనికొస్తుందా?

టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న ఆటోమేటిక్ బండ్లకే ఈ పద్ధతి. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌లోనే గేర్లు వాటంతటవే మారే రకం) బండికి అక్కర్లేదు. దాని లోపల ఉండేది మామూలు క్లచ్చే, కూలర్‌కు వెళ్లే ఆయిల్ పైపులే ఉండవు. డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) ఉన్న డ్యూయల్ క్లచ్ బండ్లదీ అదే సంగతి. ఘాట్‌లో అవి వేడెక్కితే వేడెక్కేది క్లచ్చు, దానికి ఆయిల్ కూలర్ ఏమీ చేయలేదు. సీవీటీకి (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే రకానికి) కూలర్ వేయవచ్చు కానీ దాని ఆయిల్ వేరు, ప్రెషర్ లెక్కలు వేరు. ఇంట్లో చేయమని నేను చెప్పను.

టార్క్ కన్వర్టర్ ఉన్నా సరే, బానెట్ ఎత్తి ఒకటి చూడండి. గేర్‌బాక్స్ నుంచి రెండు సన్నని లోహపు పైపులు వచ్చి రేడియేటర్ పక్కనో కిందో కలుస్తున్నాయా? కలుస్తుంటే ఇక్కడ చెప్పే పద్ధతి మీకు సరిపోతుంది. కొన్ని కొత్త బండ్లలో ఆ పైపులు ఉండవు. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) గొట్టాలే గేర్‌బాక్స్ దాకా వెళ్లి, దాని మీద బిగించిన చిన్న పెట్టెలో ఆయిల్‌ను చల్లబరుస్తాయి. అలాంటి వాటికి ఆ మోడల్ కోసమే చేసిన అడాప్టర్ ప్లేట్ కావాలి. అది దొరక్కపోతే ఆ బండిని కదిలించకండి.

వారంటీ ఇంకా ఉంటే ముందు సర్వీస్ సెంటర్‌లో అడిగి, వాళ్లు చెప్పింది రాతపూర్వకంగా తీసుకోండి. పైపు కోసిన బండికి రేపు గేర్‌బాక్స్ పోతే వారంటీ ఇవ్వనంటే చేయగలిగేది ఏమీ ఉండదు.

సిద్ధాంతం నాలుగు ముక్కల్లో చెప్తాను. గేర్‌బాక్స్ ఆయిల్ సుమారు 80 నుంచి 95 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తుంది. 120 దాటితే త్వరగా పాడవుతుంది. ప్రతి 10 డిగ్రీల అదనపు వేడికీ ఆయిల్ ఆయుష్షు దాదాపు సగమవుతుందని మెకానిక్‌లు వాడుకునే మోటు లెక్క ఒకటుంది. ఘాట్‌లో తక్కువ స్పీడులో, ఎక్కువ బరువుతో ఎక్కేటప్పుడు టార్క్ కన్వర్టర్ లాక్ కాకుండా జారుతూ ఉంటుంది. వేడి పుట్టేది అక్కడ. స్పీడు లేదు కాబట్టి ముందునుంచి వచ్చే గాలీ తక్కువే.

ఈ లక్షణాలుంటే కూలర్ కొనకండి

గేరు పడేటప్పుడు గట్టిగా కుదుపు వస్తోందా? ఇంజిన్ అరుస్తోంది కానీ బండి కదలడం లేదా? ఆయిల్ నల్లగా మారి మాడిన వాసన వస్తోందా? అయితే లోపలి క్లచ్ ప్లేట్లు అప్పటికే అరిగిపోయి ఉంటాయి. కూలర్ వేస్తే అవి తిరిగి రావు.

ఆయిల్ గులాబీ రంగు పాలలా ఉంటే ఇంకా ప్రమాదం. రేడియేటర్ లోపల ఉండే ఆయిల్ కూలర్ చిల్లు పడి కూలెంట్, ఆయిల్ కలిసిపోయాయని అర్థం. బండి స్టార్ట్ చేయకండి, తోలుకుంటూ వర్క్‌షాప్‌కు పోకండి. ట్రక్కు మీద పంపండి.

ఇవేవీ లేకపోయినా ముందు ఒక చవకైన పని చేసి చూడండి. గ్రిల్ వెనక ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య పేరుకున్న దుమ్ము, పురుగులు, మట్టి కడిగించండి. మామూలు నీటి పైపుతోనే కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. ఫ్యాన్ రెండు స్పీడుల్లోనూ తిరుగుతోందో లేదో చూడండి. గేర్‌బాక్స్ ఆయిల్ ఎన్నేళ్ల కిందటిదో కూడా లెక్క వేసుకోండి. ఈ మూడూ సరిచేశాక వేడి సమస్య పోయిన బండ్లు నేను చాలా చూశాను.

ముందుగా కొలత

ఇది వదిలేసిన వాళ్లే ఎక్కువ. కూలర్ వేయకముందు ఎంత వేడి ఉందో తెలియకపోతే, వేశాక తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది?

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో (బండి కంప్యూటర్ రీడింగులు చదివే సాకెట్) బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఫోన్ యాప్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ చూడండి. కొన్ని బండ్లకు ఆ కంపెనీ కోడ్‌లు యాప్‌లో విడిగా వేసుకోవాలి. అది కుదరకపోతే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే పైపును కొలవండి (అది ఏదో గుర్తించే పద్ధతి కింద రెండో మెట్టులో ఉంది). మెరిసే లోహం మీద ఆ థర్మామీటర్ తప్పు చూపిస్తుంది. పైపు మీద నల్ల ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టి, టేపు మీద కొలవండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడే టేపు చుట్టాలి. కొలిచేటప్పుడు చేతులు, చున్నీ, కండువా ఫ్యాన్‌కు దూరంగా ఉండాలి.

కొలవడానికి ఎక్కే దారి కావాలి. 1944లో వేసిన పాత ఘాట్ ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండో ఘాట్ ఎక్కడానికి వాడుతున్నారు కాబట్టి తిరుమల ఎక్కే దారిలో ఎదురు బండ్ల గొడవ ఉండదు. అందుకే రీడింగులు పోల్చుకోవడానికి అది మంచి దారి. ఎలాగూ దర్శనానికి వెళ్తారు కదా, ఆ రోజే చూసుకోండి. ఎంతమంది ఎక్కారు, ఏసీ వేశారా, ఏ వేళ, బయట ఎండ ఎంత, ఆయిల్ ఎక్కువలో ఎక్కువ ఎంతకు వెళ్లింది, ఇవన్నీ రాసిపెట్టుకోండి. ఫోన్ చూసేది పక్కనున్నవారు, డ్రైవర్ కాదు.

నిండా మనుషులతో ఎక్కినా 100 దాటకపోతే మీకు కూలర్ అక్కర్లేదు. 110 దాకా పోతుంటే ఆలోచించవచ్చు. 115, 120 తాకుతుంటే వేయండి.

కావలసినవి

కూలర్ మూడు రకాలు. పాము మెలికల్లా తిరిగిన పైపు మీద రెక్కలు అతికించినది చవక, చల్లబరిచే శక్తి తక్కువ. ప్లేట్లు, రెక్కలు కలిపినది మధ్యరకం. ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చి చేసినది అన్నిటికన్నా మేలు, అదే కొనండి. హేడెన్, డెరేల్, మిషిమోటో లాంటి కంపెనీలవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. సైజు కోసం మీ గ్రిల్ వెనక ఉన్న ఖాళీని టేపుతో కొలిచాకే ఆర్డర్ పెట్టండి. పెద్దదైతే మంచిదే కదా అని కండెన్సర్ మొత్తం కప్పేసేది తెస్తే ఏసీ చల్లదనం పడిపోతుంది. తిరుపతి మే నెలలో అది మీరు తట్టుకోలేరు.

గొట్టం ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కోసమే చేసినది కావాలి, మీద ఎస్‌ఏఈ జే1532 అని రాసి ఉంటుంది. 2 నుంచి 3 మీటర్లు సరిపోతుంది. సైజు మీ పైపును బట్టి ఉంటుంది, ఎక్కువ బండ్లకు లోపలి కొలత 8 లేదా 9.5 మిల్లీమీటర్లు. మామూలు రేడియేటర్ గొట్టమో నీళ్ల గొట్టమో వేస్తే వేడి ఆయిల్‌కు ఉబ్బి, మెత్తబడి, ఎక్కడో నడి ఘాట్‌లో పగులుతుంది. దీంట్లో మాత్రం పొదుపు చూడకండి.

మంచి హోస్ క్లిప్పులు ఆరు, రెండు ఎక్కువే తెచ్చుకోండి. చిన్న పైపు కట్టర్, పైపు చివర ఉబ్బెత్తు అంచు చేసే పనిముట్టు, కూలర్ బిగించడానికి ఇనుప పట్టీలు, రబ్బరు వాషర్లు, నట్లు బోల్టులు కావాలి. ఆయిల్ పట్టే ట్రే, కొలత గీతలున్న సీసా, కంటికి అద్దాలు, చేతికి గ్లోవ్స్ తెచ్చుకోండి. రెండు జాకీ స్టాండ్లు, చక్రాల వెనక పెట్టడానికి రాళ్లో చెక్కలో ఉండాలి. ఒక్క జాకీ మీదో, ఇటుకల మీదో నిలబెట్టిన బండి కింద దూరకండి.

ఆయిల్ మీ మాన్యువల్‌లో రాసిన రకమే 2 లీటర్లు తెచ్చుకోండి. రంగు ఎరుపే కదా అని ఏదో ఒకటి పోయడం పెద్ద పొరపాటు. టయోటా డబ్ల్యూఎస్ అడిగితే అదే, డెక్స్‌రాన్ 6 అడిగితే అదే, ఎస్‌పీ 4 అడిగితే అదే పోయాలి.

పని మొదలు

1. ముందు రోజు రాత్రి బండిని సమతలంగా ఉన్న చోట నిలిపి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఘాట్ దిగి వచ్చిన వెంటనే చేయకండి, ఆ ఆయిల్ చర్మాన్ని కాల్చేస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి.

2. తిరిగి వచ్చే పైపు ఏదో గుర్తించండి. మొత్తం పనిలో తలకాయ పెట్టాల్సిన మెట్టు ఇది. వేడి ఆయిల్ గేర్‌బాక్స్ నుంచి ఒక పైపులో బయలుదేరి రేడియేటర్‌లోకి వెళ్లి, రెండో పైపులో వెనక్కి వస్తుంది. మన కూలర్ ఈ రెండో పైపులో పడాలి. రేడియేటర్ సగం చల్లార్చాక మిగిలినది మన కూలర్ చల్లార్చి గేర్‌బాక్స్‌కు పంపిస్తుంది. తారుమారైతే మన కూలర్ చల్లార్చిన ఆయిల్‌ను 90 డిగ్రీల కూలెంట్ మళ్లీ వేడి చేస్తుంది. పడిన శ్రమ సగం పోయినట్టే.

గుర్తించే పద్ధతి: పూర్తిగా చల్లారిన బండిని స్టార్ట్ చేసి, గేర్ లివర్‌ను పార్కింగ్‌లోనే ఉంచి, రెండు పైపులనూ థర్మామీటర్‌తో మార్చి మార్చి చూడండి. ముందుగా వేడెక్కేది గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చేది. ఆలస్యంగా వేడెక్కేది తిరిగి వెళ్లేది. లోపల థర్మోస్టాట్ ఉన్న బండ్లలో ఆయిల్ కొంత వేడెక్కేదాకా రెండూ చల్లగానే ఉంటాయి, తొందరపడకండి. ఇంకా అనుమానం ఉంటే ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో పైపుల బొమ్మ చూడండి. గుర్తించిన పైపుకు రంగు టేపు చుట్టి ఇంజిన్ ఆపేయండి. బండి మళ్లీ చల్లారేదాకా ఆగండి.

3. బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగి, అప్పుడు బంపర్ విప్పండి. బంపర్ వెనక ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ వైర్లు, కొన్ని బండ్లలో రాడార్ ఉంటాయి. ప్లాస్టిక్ క్లిప్పులు లాగేముందు ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసుకోండి. ఏ స్క్రూ ఎక్కడిదో సాయంత్రానికి గుర్తుండదు.

4. కూలర్ స్థానం చూసుకోండి. కండెన్సర్ ముందు, గాలి నేరుగా తగిలే చోట, కండెన్సర్‌కు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎడం ఉండాలి. రేడియేటర్ వెనక పెట్టకండి, అక్కడ దొరికేది వేడి గాలే. ఆయిల్ వెళ్లే రంధ్రాలు పైకి గానీ పక్కకు గానీ ఉండాలి. కిందికి పెడితే లోపల గాలి చిక్కుకుంటుంది. రాడార్ ఉన్న బండైతే దాని ముందు ఏదీ అడ్డం రాకూడదు. హారన్, బానెట్ లాక్ తగులుతున్నాయేమో ఒకసారి బానెట్ వేసి తీసి చూడండి.

5. ఇనుప పట్టీలతో బాడీ ఫ్రేముకు బిగించండి. కూలర్‌కు, పట్టీకి మధ్య రబ్బరు వాషర్ వేయండి. కొత్తగా రంధ్రం చేస్తే దాని అంచుకు ప్రైమర్ పూయండి, లేకపోతే తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది. డ్రిల్ చేసేటప్పుడు కండెన్సర్ ముందు మందపాటి అట్ట అడ్డం పెట్టండి. డ్రిల్ బిట్ జారి కండెన్సర్ చిల్లు పడితే ఏసీ గ్యాస్ మొత్తం పోతుంది.

చాలా కూలర్ ప్యాకెట్లలో ప్లాస్టిక్ పుల్లలు వస్తాయి. కండెన్సర్ రెక్కల మధ్యలోంచి గుచ్చి బిగించమని దాంతోపాటు వచ్చే కాగితంలో ఉంటుంది. వాటిని పక్కన పడేయండి. మన రోడ్ల కుదుపులకు అవి కండెన్సర్ పైపును నెమ్మదిగా రాపాడి చిల్లు పెడతాయి. నా మొదటి బండికి నేను అలాగే బిగించాను. ఏడాది తిరగకముందే కండెన్సర్ మార్చాల్సి వచ్చింది.

6. కింద ట్రే పెట్టి, గుర్తు పెట్టుకున్న పైపును రేడియేటర్ దగ్గర విప్పండి. రబ్బరు గొట్టంతో కలిసి ఉంటే క్లిప్పు తీసి లాగితే చాలు, ఏదీ కోయక్కర్లేదు. మీ అదృష్టం. కారిన ఆయిల్ ఎంతో కొలత సీసాలో చూసి రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

7. మధ్యలో రబ్బరు ముక్క లేని పూర్తి లోహపు పైపైతే కోయాలి. పైపు కట్టర్‌తోనే కోయాలి. హాక్సా బ్లేడుతో కోస్తే ఇనుప రజను పైపులోకి వెళ్తుంది. అది ఆయిల్‌తో పాటు గేర్‌బాక్స్‌లోకి ప్రయాణించి, వెంట్రుకవాసి సందుల్లో కదిలే వాల్వులను పట్టేస్తుంది. ఆ తర్వాత గేర్లు ఇష్టం వచ్చినట్టు పడతాయి. ఆటోనగర్‌లో ఎవరైనా "ఏం కాదులే సార్" అని బ్లేడు తీస్తే చేయి పట్టుకుని ఆపండి.

కోశాక లోపలి అంచు నునుపు చేసి, చివర చిన్న ఉబ్బెత్తు అంచు తీయించండి. ఆ అంచే క్లిప్పు వెనక గొట్టాన్ని పట్టి ఉంచేది. నున్నటి పైపు మీద తొడిగిన గొట్టం ప్రెషర్‌కు జారి ఊడిపోతుంది. ఊడితే రెండు మూడు నిమిషాల్లో ఆయిల్ రోడ్డు మీద ఉంటుంది.

ఇది చేసే పనిముట్టు లేకపోతే వేరే దారి ఉంది. జేసీబీలకు, ట్రాక్టర్లకు హైడ్రాలిక్ పైపులు ప్రెస్ చేసి ఇచ్చే షాపులు తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఉన్నాయి. పాత పైపు, కూలర్ తీసుకెళ్లి చూపిస్తే రెండు చివర్లకూ సరిపోయే ఫిట్టింగులతో ప్రెస్ చేసి ఇస్తారు. క్లిప్పుల కన్నా అది గట్టిది. కానీ మామూలు హైడ్రాలిక్ గొట్టం 100 డిగ్రీల దాకే పనికొస్తుంది. మన ఆయిల్ అది దాటవచ్చు. ఎక్కువ వేడి తట్టుకునే రకం కావాలని అడిగి, గొట్టం మీద రాసింది మీరే చదివి తీసుకోండి.

8. ఒక గొట్టం రేడియేటర్ నుంచి కూలర్ లోపలికి, రెండోది కూలర్ నుంచి గేర్‌బాక్స్‌కు తిరిగి వెళ్లే పైపుకు వేయండి. తొడిగేముందు గొట్టం లోపల కొద్దిగా కొత్త గేర్ ఆయిల్ రాస్తే సులువుగా ఎక్కుతుంది. కనీసం 25 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లాలి. క్లిప్పు ఉబ్బెత్తు అంచు దాటి ఇవతలి వైపు ఉండాలి, గొట్టం చివరి అంచు మీద కాదు. రబ్బరు క్లిప్పు గాడుల్లోంచి పొంగి వచ్చేంత బిగించకండి, తెగుతుంది.

తెల్ల టెఫ్లాన్ టేపు వాడకండి. ప్లంబర్ అలవాటు కొద్దీ చాలామంది చుడతారు. ఆ టేపు పోగులు ఆయిల్‌లోకి వెళ్లి వాల్వులకు అడ్డం పడతాయి. మరలున్న ఫిట్టింగుకు సీలు కావాలంటే ఆయిల్ తట్టుకునే ద్రవ సీలెంట్, అది కూడా మొదటి రెండు మరలు వదిలి పూయండి.

9. గొట్టాలు నలగకుండా, మడత పడకుండా, పదునైన అంచుకు తగలకుండా తీసుకెళ్లండి. ఎగ్జాస్ట్‌కు, ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా ఉండాలి. బాడీలోని రంధ్రం గుండా వెళ్లే చోట రబ్బరు బుష్ వేయండి. ఇంజిన్ కదిలినప్పుడు లాగకుండా కొంచెం వదులు ఉంచి, అక్కడక్కడ కట్టండి.

లీకు పరీక్ష, ఆయిల్ లెవెల్

10. కొత్త కూలర్, గొట్టాలు పట్టే ఆయిల్ లెక్క కట్టండి. 9.5 మిల్లీమీటర్ల గొట్టం మీటరుకు సుమారు 70 మిల్లీలీటర్లు పడుతుంది. రెండున్నర మీటర్లకు 175, కూలర్‌లో సైజును బట్టి 250 నుంచి 400. ఇందాక కారినది కూడా కలపండి. మొత్తం అర లీటరు పైచిలుకు వస్తుంది. స్టార్ట్ చేసేముందే అంత పోయండి. పోయకుండా స్టార్ట్ చేస్తే పంపు గాలి పీలుస్తుంది.

11. బ్యాటరీ కలిపి, బంపర్ ఇంకా విప్పి ఉండగానే ఇంజిన్ స్టార్ట్ చేసి అర నిమిషం ఉంచి ఆపండి. ప్రతి జాయింటునూ తెల్ల కాగితంతో తుడిచి చూడండి. ఎర్ర మరక కనబడితే సరిచేసి మళ్లీ పరీక్షించండి. పొడిగా ఉంటే మళ్లీ స్టార్ట్ చేసి, బ్రేకు గట్టిగా తొక్కి, పార్కింగ్ నుంచి మొదలుపెట్టి అన్ని స్థానాల్లోకీ లివర్‌ను మూడేసి సెకన్లు ఆపుతూ తిప్పండి. ఆ సమయంలో బండి ముందు ఎవరూ నిలబడకూడదు.

12. ఇప్పుడు లెవెల్. డిప్ స్టిక్ ఉన్న బండైతే మాన్యువల్ చెప్పినట్టు, ఎక్కువ వాటికి ఇంజిన్ నడుస్తుండగా, వేడి గుర్తు దగ్గర చూడాలి. డిప్ స్టిక్ లేని సీల్డ్ గేర్‌బాక్స్‌లకు అడుగున లెవెల్ ప్లగ్ ఉంటుంది. బండి నాలుగు చక్రాలూ సమతలంగా ఉండాలి, ఇంజిన్ నడుస్తుండాలి, ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన వేడిలో ఉండాలి. చాలా వాటికి అది 35 నుంచి 50 డిగ్రీల మధ్య ఎక్కడో ఉంటుంది, మీ మోడల్‌కు కచ్చితంగా ఎంతో చూసుకోండి. ఆ వేడిలో ప్లగ్ విప్పితే సన్నని ధార వచ్చి, బొట్లు బొట్లుగా మారాలి. అప్పుడు కొత్త వాషర్ వేసి మూసేయండి. ఏమీ రాకపోతే ఆయిల్ తక్కువ, కొంచెం కొంచెంగా పోస్తూ రండి.

మే నెల మధ్యాహ్నం తిరుపతిలో నీడలో ఉన్న బండి ఆయిలే 40 దాటి ఉంటుంది. చెప్పిన వేడి దాటిపోయాక లెవెల్ చూస్తే ఆయిల్ వ్యాకోచించి ఎక్కువ కారిపోతుంది, చల్లారాక తక్కువ పడుతుంది. పొద్దున్నే చేయమన్నది ఇందుకే. ముందువైపు మాత్రం జాకీ ఎత్తి లెవెల్ చూడడం ఇంకో పొరపాటు, వాలుకు లెక్క మొత్తం తప్పుతుంది. పిట్ గానీ ర్యాంపు గానీ ఉన్న షాపుకు ఈ ఒక్క పని కోసం తీసుకెళ్లినా తప్పు లేదు. ఎక్కువ పోయడం కూడా తక్కువ పోసినంత చెడ్డదే, ఆయిల్ నురగ కట్టి గేర్లు జారతాయి.

నేరుగా కొండకు పోకండి

బంపర్ బిగించాక వెంటనే తిరుమల ఎక్కాలనిపిస్తుంది. వద్దు. అది వన్‌వే. సగం దారిలో లీకు కనబడితే వెనక్కి తిప్పలేరు. ముందు రేణిగుంట రోడ్డు లాంటి చదును దారిలో 10 కిలోమీటర్లు తిప్పి, ఆపి, బండి కింద అట్ట పరిచి పది నిమిషాలు చూడండి. మర్నాడు భాకరాపేట ఘాట్‌కు వెళ్లండి. ఏదైనా తేడా వస్తే వీలున్న చోట తిప్పుకుని రావచ్చు. రెండూ బాగుంటే అప్పుడు కొండకు.

కొండకు వెళ్లేటప్పుడు మొదట రాసుకున్న కాగితం తీయండి. అదే వేళ, అంతమందే, ఏసీ అలాగే. మా బావగారి ఏడు సీట్ల డీజిల్ బండి ముందు 117 దాకా పోయేది. కూలర్ వేశాక అదే నెలలో, అంతే బరువుతో 101 దగ్గర నిలిచింది. 10 నుంచి 20 డిగ్రీలు తగ్గితే పని సరిగ్గా జరిగినట్టు.

తగ్గకపోతే కారణం వెతకడం కష్టం కాదు. ఘాట్ ఎక్కి పార్కింగ్‌లో ఆపిన వెంటనే, ఇంజిన్ నడుస్తుండగా కూలర్ లోపలికి వెళ్లే చోట, బయటికి వచ్చే చోట నల్ల టేపు మీద కొలవండి. లోపలికి వెళ్లేది వేడిగా ఉండి బయటికొచ్చేది కొన్ని డిగ్రీలు తక్కువుంటే బాగా పనిచేస్తోంది. రెండూ సమానంగా వేడిగా ఉంటే గాలి తగలడం లేదు. గ్రిల్‌కు అందం కోసం వేసిన జాలీయో, నంబర్ ప్లేటో, పెద్ద ఫాగ్ లైట్లో అడ్డం ఉన్నాయేమో చూడండి. రెండూ చల్లగా ఉండి యాప్‌లో మాత్రం ఆయిల్ వేడిగా చూపిస్తుంటే ఆయిల్ పారడం లేదు. గొట్టం ఎక్కడో మడత పడి ఉంటుంది. అలాంటప్పుడు బండి నడపకండి, చాలా గేర్‌బాక్స్‌లలో బేరింగులకు అందే ఆయిల్ ఆ తిరుగు పైపు నుంచే వస్తుంది.

రేడియేటర్ కూలర్‌ను పూర్తిగా తప్పించి, బయటి కూలర్ ఒక్కటే ఉంచమని కొందరు సలహా ఇస్తారు. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లు పడే అలవాటున్న మోడల్ అయితే ఆ మాటలో న్యాయం ఉంది. మిగతావాటికి రెండూ ఉండడమే మేలు. పొద్దున ఆయిల్‌ను త్వరగా పని వేడికి తెచ్చేది కూడా రేడియేటరే. పలమనేరు, హార్స్‌లీ హిల్స్ వైపు చలికాలంలో తిరిగేవారు థర్మోస్టాట్ ఉన్న కూలర్ ఫిట్టింగు తీసుకుంటే ఇంకా మంచిది. తిరుపతిలోనే తిరిగే బండికి అది లేకపోయినా ఇబ్బంది లేదు.

ఎక్కేటప్పుడు కాలు ఎలా పెట్టాలి

కూలర్ ఉంది కదా అని ఎలాగైనా తోలవచ్చనుకోకండి. వాలులో క్యూ ఆగినప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు ఆనించి బండిని నిలబెట్టేవాళ్లను రోజూ చూస్తాను. గేర్‌బాక్స్‌ను అంతగా కాల్చే పని ఇంకొకటి లేదు. బ్రేకు మీద నిలబెట్టండి. ముందు బండికి కొంచెం జాగా వదిలి, అంగుళం అంగుళం పాకకుండా ఒకేసారి కదలండి. ఎక్కేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో రెండో గేరో మూడో గేరో పట్టి ఉంచితే ఊరికే గేర్లు మారడం తగ్గుతుంది, ఆయిల్ వేడి కూడా కొంత తక్కువలో ఉంటుంది. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేయకండి, చిన్న గేరులోనే దిగండి.

500 కిలోమీటర్లు తిరిగాక క్లిప్పులన్నీ మరోసారి బిగించి చూడండి, కొత్త రబ్బరు నొక్కుకుని కొంచెం వదులవుతుంది. తర్వాత ప్రతి సర్వీసుకూ గొట్టం వేలితో నొక్కి చూసి, పగుళ్లు గానీ మెత్తదనం గానీ కనబడితే మార్చేయండి. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయకుండా డబ్బాలో పోసి, పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చేయండి.